సూర్యుడు సరే... మెకానిక్ ఎవరు?

విజయవాడ హైవే మీద కోదాడలో బస్సు దిగి దక్షిణానికి తిరిగితే చాలు, దారి రంగు మారిపోతుంది. వేపాకుల మీద, పాన్‌డబ్బా రేకుల మీద, ఎదురొచ్చే లారీల టార్పాలిన్ల మీద సన్నటి బూడిదరంగు పొడి. నేల కింద సున్నపురాయి, నేల మీద సిమెంటు ఫ్యాక్టరీలు. పొగగొట్టాలు కనపడ్డాయంటే మేళ్లచెరువు దగ్గరపడినట్టే.

ఒకప్పుడు ఇది నల్గొండ జిల్లా. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చాక సూర్యాపేట జిల్లాలోకి చేరింది. పేరులోనే సూర్యుడున్న జిల్లా! ఆ పేరు ఎంత సార్థకమో తెలియాలంటే మే నెలలో రావాలి. ఎండ 45 డిగ్రీలు దాటడం ఇక్కడి వాళ్లకు కొత్త కాదు. సాగర్ ఎడమ కాలువ ఎండిపోయి, మిర్చి ఏరడం అయిపోయి, పొలాలన్నీ ఖాళీగా పడుంటాయి. మధ్యాహ్నం రోడ్డు మీద కుక్క కూడా కనిపించదు.

నేను వెళ్లింది సరిగ్గా అప్పుడే, 2024 మేలో. పనిమాలా ఆ ఎండలో ఎందుకంటారా? మా మేనమామ ఫోన్ చేశాడు.

‘అల్లుడూ, ఎండ మండిపోతోంది గానీ సోలార్ పనిచేయట్లేదురా’ అన్నాడు. అదేదో పొడుపుకథలా అనిపించింది.

చేనుకాడ ఇల్లు

మామయ్యది ఊరికి దూరంగా చేలో కట్టుకున్న రెండు గదుల ఇల్లు. నాలుగు బర్రెలు, రెండెకరాల మిర్చి, రెండెకరాల పత్తి. పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో ఉంటారు. బర్రెల్ని వదిలి ఊళ్లోకి రానంటుంది అత్తయ్య. బోరు మోటారుకు ఉచిత కరెంటు ఉంది. కానీ అది సేద్యానికి ఇచ్చింది, ఇంటికి వాడుకోకూడదు. ఇంటికి వేరే లైను లాగాలంటే స్తంభాలు పాతాలి. ఆ ఖర్చు లెక్కేసుకుని, ‘అంత డబ్బుతో సొంతంగా కరెంటే తయారు చేసుకోవచ్చు కదా’ అనుకున్నాడు మామయ్య.

అలా 2019లో మొదలైంది ఆయన సొంత కరెంటు ఆఫీసు. ఎక్కడో పెద్ద పనిలో మిగిలిపోయిన 265 వాట్ల సోలార్ ప్లేట్లు రెండు ఒక కాంట్రాక్టరు దగ్గర చవగ్గా దొరికాయి. చార్జ్ కంట్రోలర్ ఒక కంపెనీది, ఇన్వర్టర్ ఇంకో కంపెనీది, 150 ఏహెచ్ బ్యాటరీలు రెండు మూడో కంపెనీవి. రేకుల మీద యాంగిలర్లు తనే బిగించాడు, వైర్లు తనే లాగాడు. ఆ రాత్రి నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక చిన్న ఫ్రిజ్ పనిచేశాయి. ఊళ్లోవాళ్లు వచ్చి చూసి వెళ్లారట.

ఫ్రిజ్ సోకు కోసం కాదు. అత్తయ్యకు చక్కెర జబ్బు. పూటపూటా ఇన్సులిన్ సూది తప్పదు. మూత తీయని మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలువలో ఉండాలి. మే నెలలో రేకుల ఇంట్లో అల్మరాలో పెట్టే వస్తువు కాదది.

ఎవరి డబ్బా వారిది

మొదటి ఏడాది బాగానే నడిచింది. ఆ తర్వాత నుంచీ ప్రతి ఎండాకాలమూ ఇదే గొడవ. చలికాలంలో రాత్రంతా నడిచే ఫ్రిజ్, ఏప్రిల్ వచ్చేసరికి తెల్లవారుజామున మూడింటికే ఆగిపోయేది. 2022లో బ్యాటరీలు చేతులెత్తేశాయి. అప్పు చేసి కొత్త జత తెచ్చాడు. రెండేళ్లకే అవీ అదే దారి పట్టాయి.

మామయ్య ఊరికే కూర్చోలేదు. డబ్బాల మీదున్న నంబర్లన్నిటికీ ఫోన్లు చేశాడు. బ్యాటరీ కంపెనీవాళ్లు ‘మా బ్యాటరీలో లోపం లేదు, మీరే ఎప్పుడూ నిండా చార్జి చేయలేదు, అందుకే చెడిపోయింది’ అన్నారు. ప్లేట్లమ్మినవాళ్లు ‘ప్లేటు బ్రహ్మాండంగా ఉంది, పాతికేళ్లు గ్యారంటీ’ అన్నారు. ఇక కంట్రోలర్ కంపెనీతో జరిగిన సంభాషణ మామయ్యకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

‘మీ ఇన్‌స్టాలర్‌ను అడగండి సార్.’

‘ఇన్‌స్టాలర్‌ను నేనేనయ్యా!’

‘అయితే వారంటీ వర్తించదు సార్.’

డబ్బాలో వచ్చిన పుస్తకం తిరగేశాను. రెండే రెండు పేజీలు, ఇంగ్లిషులో. ఎర్రలైటు వెలిగితే డీలర్‌ను సంప్రదించమని ఉంది. డీలర్ ఎక్కడున్నాడో లేదు.

తమాషా ఏమిటంటే ఆ ముగ్గురిలో ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. బ్యాటరీ మంచిదే, ప్లేటు మంచిదే, కంట్రోలరూ మంచిదే. డబ్బా డబ్బాకూ వారంటీ ఉంది. డబ్బాకీ డబ్బాకీ మధ్యనున్న పొత్తుకే లేదు. మామయ్య రోగం అక్కడుంది.

వైండింగ్ షాపు డాక్టరు

మర్నాడు కోదాడ నుంచి ఒక కుర్రాణ్ని పిలిపించాడు మామయ్య. ఐటీఐ చదివి, మోటార్ వైండింగ్ షాపులో చేస్తున్నాడు. ఈ ప్రాంతంలో మోటారు కాలిందంటే రైతు వైండింగ్ షాపుకే పరిగెడతాడు. ఏ కంపెనీ మోటారైనా వాళ్లకొక్కటే. విప్పుతారు, రాగితీగ చుడతారు, వార్నిష్ పూస్తారు, ఇచ్చేస్తారు. ‘మీ ఇన్‌స్టాలర్ ఎవరు’ అని ఎవరూ అడగరు.

అతను మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చాడు. మిట్టమధ్యాహ్నం ఎందుకొచ్చావంటే, ‘రోగం ఉన్నప్పుడే చూడాలి కదా సార్’ అన్నాడు. రేకుల ఇంటికి నిచ్చెన వేసి, ముందుగా ప్లేటు వెనక అంటించిన కాగితం చదివాడు. తర్వాత క్లాంప్ మీటరు తీగకు తగిలించి నాకిచ్చాడు. 9 ఆంపియర్లు చూపిస్తోంది.

‘ఇప్పుడు చూడండి’ అంటూ డ్రమ్ములో ఉన్న గోరువెచ్చని నీళ్లు రెండు బకెట్లు మెల్లగా ప్లేట్ల మీద పోశాడు. కాలుతున్న అద్దం మీద మరీ చల్లటి నీళ్లు కొడితే పగిలిపోవచ్చట. పోసిన నిమిషంలోపే మీటరు పైకి పాకింది. 10... 11... 13!

దుమ్ము కడిగినందుకేనా? కాదు. ఈ ఊరి పొడికి రాత్రి మంచు తగిలితే అద్దం మీద పేస్టులా పట్టేస్తుంది. అందుకే అత్తయ్య రోజూ పొద్దున్నే తడిబట్టతో తుడుస్తుంది. ఆ రోజూ తుడిచింది. మారింది వేడి మాత్రమే.

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. సోలార్ ప్లేటుకు కావలసింది వెలుగు, వేడి కాదు. ప్లేటు వెనక రాసిన అంకెలన్నీ సెల్లు 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు కొలిచినవి. మన మే నెల మధ్యాహ్నం రేకుల మీద ఆ సెల్లు 70 డిగ్రీల దాకా కాగుతుంది. ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ప్లేటు పనిచేసే వోల్టేజీ వందకు దాదాపు 0.4 వంతు పడిపోతుంది. మామయ్య ప్లేట్లు 60 సెల్లవి, పనిచేసే వోల్టేజీ 31. నలభై అయిదు డిగ్రీల తేడాకు అది పాతిక దగ్గరికి దిగిపోతుంది. 24 వోల్టుల బ్యాటరీ జత నిండాలంటే 29 దాకా కావాలి!

‘బాబాయ్, తూము కంటే పొలం మెరకలో ఉందనుకో. కాలువలో ఎన్ని నీళ్లుంటే ఏం లాభం? ఎక్కుతాయా?’ అని అడిగాడు కుర్రాడు. మామయ్యకు ఒక్క ముక్కలో అర్థమైంది. ఐదేళ్లలో ఆయనకు అర్థమయ్యే మాట చెప్పింది ఇతనొక్కడే.

24 వోల్టుల బ్యాటరీలకు పాతరకం పీడబ్ల్యూఎం కంట్రోలర్ పెడితే 72 సెల్ల ప్లేట్లు కొనాలి. 60 సెల్లవి పెద్ద పవర్‌ప్లాంట్లలో బోలెడన్ని వరసగా కలిపి వాడతారు, అక్కడ ఇబ్బంది లేదు. మామయ్య లాంటివాళ్ల చేతికి చవగ్గా వచ్చినప్పుడే వస్తుంది చిక్కు. ఆ ఒక్క వాక్యం అమ్మినవాళ్లలో ఎవరైనా చెప్పుంటే రెండు జతల బ్యాటరీలు బతికేవి.

మందు ఏమిటి?

ప్లేట్లు మార్చనక్కర్లేదన్నాడు. ఇప్పటిదాకా పక్కపక్కన కలిపిన రెండు ప్లేట్లను వరసగా కలిపాడు. వోల్టేజీ 62 అయింది. ఎంత మండినా 50కి తగ్గదు. పాత కంట్రోలర్ తీసి ఎంపీపీటీ రకం పెట్టాడు. ఇది సైకిలు గేరు లాంటిది. ఎక్కువ వోల్టేజీని తగ్గించి, ఆ మేరకు ఆంపియర్లు పెంచి బ్యాటరీకి పంపుతుంది. కొనేముందు ఒకటి చూసుకోవాలి. చలికాలం పొద్దున ప్లేట్ల వోల్టేజీ ఇంకా పెరుగుతుంది కాబట్టి కంట్రోలర్ తట్టుకునే హద్దు దానికి బాగా పైన ఉండాలి. మధ్యలో ఫ్యూజు, బయట ఎర్తింగు సరేసరి. ఏసీకి వాడే మామూలు స్విచ్చి డీసీకి పెడితే నిప్పురవ్వ ఆరక అంటుకుంటుందని హెచ్చరించి అదీ మార్చాడు. 75 వాట్ల ఫ్యాన్లు రెండూ పీకించి, 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టమన్నాడు. ‘కరెంటు తయారు చేయడం కన్నా మిగల్చడం చవక బాబాయ్’ అన్నాడు. బ్యాటరీలు మాత్రం మళ్లీ కొనాల్సిందే.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది కదా, అందులో చేరొచ్చుగా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. కరెంటు లైనున్న ఇంటికి, గుర్తింపు పొందిన వెండరు బిగిస్తేనే అది వస్తుంది. అయిదేళ్ల నిర్వహణ బాధ్యతా ఆ వెండరుదే. లైన్లేని చేనుకాడి ఇంటికీ, సొంతంగా బిగించుకున్నవాళ్లకూ అందులో చోటు లేదు.

ఈ సంగతి ముందే కనిపెట్టినవాళ్లు లేకపోలేదు. బెంగళూరులో హరీష్ హందే 1995లో సెల్కో సంస్థ మొదలుపెట్టి, పల్లెల్లో సోలార్ దీపాలు అమ్మడంతో పాటు రిపేరు చేసే మనిషిని దగ్గర్లో ఉంచడమూ వ్యాపారంలో భాగమే అనుకున్నారు. 2011లో ఆయనకు మెగసెసె అవార్డు వచ్చింది. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ వాళ్లయితే చదువురాని బామ్మల చేతికే సోల్డరింగ్ ఐరన్ ఇచ్చారు. ఆఫ్రికా నుంచి కూడా వచ్చి నేర్చుకుని, తమ ఊళ్లలో దీపాలు వెలిగించారు ఆ అమ్మమ్మలు. మా మేళ్లచెరువుకు ఆ కాలేజీ రాలేదు. కోదాడ వైండింగ్ షాపు వచ్చింది.

గుడి, ప్రభ, గోడమీది కాగితం

సాయంత్రం ఎండ తగ్గాక మామయ్యతో స్వయంభూ శంభులింగేశ్వరస్వామి గుడికి వెళ్లాను. లింగం పైభాగాన చిన్న గుంట, అందులో నీరు. ఎంత ఎండలోనూ అది ఇంకదని ఇక్కడి వాళ్ల నమ్మకం. లింగం పెరుగుతోందనీ చెబుతారు. దక్షిణాన కృష్ణమ్మ. పులిచింతల ప్రాజెక్టు దగ్గర ఈ ఒడ్డున 120 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది. ‘పక్కనే అంత కరెంటు పెట్టుకుని నువ్వు రెండు ప్లేట్లతో కుస్తీ పడుతున్నావు మామయ్యా’ అన్నాను. ‘అది అందరిదిరా. ఇది పాడైతే నేనే బాగుచేసుకోవాలి, అందుకే నాది’ అన్నాడు.

మళ్లీ వెళ్లింది 2025 ఫిబ్రవరి 26న, మహాశివరాత్రికి. ఊరంతా జాతర. రంగురంగుల బల్బులతో విద్యుత్ ప్రభలు, బండలాగే ఎడ్ల పందేలు, కాలు పెట్టడానికి చోటు లేనంత జనం. అర్ధరాత్రి దాటాక చేనుకాడికి చేరేసరికి ఇంటి ముందు చిన్న బల్బు వెలుగుతోంది. లోపల ఫ్రిజ్ సన్నగా గుర్రుపెడుతోంది.

కంట్రోలర్ పక్కన గోడకు ఒక కాగితం అంటించి ఉంది. ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో బొమ్మ గీసి, ఏ అంకె కనిపిస్తే ఏం చేయాలో తెలుగులో రాసిచ్చాడు వైండింగ్ షాపు కుర్రాడు. కింద అతని ఫోన్ నంబరు.

అత్తయ్య నిద్రలోంచి లేచొచ్చి మీటరు వైపు చూసింది. ‘ఇరవై నాలుగున్నర ఉంది, పర్లేదు. ఇరవై నాలుక్కి దిగితే ఫ్యాన్లు కట్టేయాలి, ఫ్రిజ్ ఒక్కటే ఉంచాలి’ అంది. చదివి చెప్పలేదు, కాగితం వంక కూడా చూడలేదు. ఆమెకు కంఠతా వచ్చేసింది.

‘ఈ ఎండాకాలం ఎలా ఉంటుందో చూడాలి’ అన్నాడు మామయ్య నులకమంచం వాలుస్తూ. ఆయన గొంతులో భయం లేదు. ఎండ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నట్టుంది.