కొబ్బరి చెట్ల నడుమ తెల్లగుడ్డ



మొన్న శ్రమకాల కూడికల చివరి రోజున, ప్రార్థన ముగిసి అందరూ చాపలు చుట్టుకొంటుండగా, మా సంఘములో ఇంటరు చదువుకొంటున్న కుర్రవాడొకడు మా దగ్గరకు వచ్చాడు. “అయ్యగారండీ, కరుణామయుడు సినిమాలో యేసుప్రభువుగా వేసినాయన మనవాళ్ళేనాండి?” అని అడిగాడు. ఆయన హిందూ కుటుంబములో పుట్టినవారు బాబూ అన్నాము. వాడి ముఖము చిన్నబోయింది. ఇరవై యేండ్ల క్రిందట ఇదే సంగతి మీద మరొకరి ముఖమును మేమే చిన్నబుచ్చాము. ఆ మాట ఇంతవరకు ఎవరి ముందూ ఒప్పుకోలేదు. ఈ నెల పత్రికకు వ్రాయవలసిన ప్రసంగమును పక్కన పెట్టి అదే వ్రాస్తున్నాము.

మాది మురమళ్ళ. వీరేశ్వరస్వామివారి నిత్యకల్యాణముల వలన మా ఊరి పేరు దూరప్రాంతముల వారికి తెలుసు. మా పేట పేరు మాత్రము మాకే తెలుసు. 1988లో మాకు తొమ్మిదేండ్లు. ఎదుర్లంక దగ్గర అప్పటికి వంతెన లేదు, యానాము నుండి గౌతమి మీద పంటు దాటి రావలసిందే. ఒక సాయంత్రము ఆ పంటు మీద ఒక వ్యాను వచ్చింది. అందులో జనరేటరు, ప్రొజెక్టరు, గుండ్రని రేకు డబ్బాలలో ఫిల్ము రీళ్ళు, మడత పెట్టిన పెద్ద తెల్లగుడ్డ. మందిరము వెనక రెండు కొబ్బరి చెట్లకు ఆ గుడ్డ కట్టారు. మా నాయనగారు సంఘ పెద్ద. సినిమాకు వెళ్ళితే వీపు మీద బెల్టు ఆనవాలు దిగేది. ఆ రోజు మాత్రము ఆయనే ముందు నిలబడి తాళ్ళు లాగి కట్టించారు. “ఇది సినిమా కాదురా, చిత్రము” అన్నారు. ఆ రెండింటికీ తేడా మాకు ఇప్పటికీ బోధపడలేదు.

చీకటి పడేసరికి ఊరంతా వచ్చింది. మా పేట వాళ్ళే కాదు, అన్ని పేటల వాళ్ళూ వచ్చారు. ముందు చోటు చాలక గుడ్డకు అవతలి వైపున కూడా కూర్చున్నారు. వాళ్ళకు బొమ్మ తిరగబడి కనిపించింది, కుడిచేయి ఎడమచేయి అయింది. ఎవరూ పట్టించుకోలేదు. రీలు మార్చినప్పుడల్లా చీకటి, మైకులో పాట, పిల్లల ఏడుపులు, మళ్ళీ వెలుగు. మేకులు కొట్టే చోటికి వచ్చేసరికి ఆడవాళ్ళు గుండెలు బాదుకొన్నారు. ఒక ముసలాయన చేతికఱ్ఱ ఎత్తి తెర మీది సైనికుని మీదికి వెళ్ళబోతే ఇద్దరు పట్టుకొన్నారు.

ఆ జనములో ఒక మామ్మ ఉంది. అప్పటికి ఆమెకు యాభై దాటి ఉంటాయి. కొబ్బరి పీచు కొట్టే కూలికి వెళ్ళేది, చదువు రాదు, మందిరము గడప ఎన్నడూ తొక్కలేదు. బొమ్మ అయిపోయి గుడ్డ విప్పి మడత పెడుతున్నా ఆమె లేవలేదట. వ్యాను వాళ్ళు సామాను సర్దుకొని వెళ్ళేవరకు ఆ ఖాళీ చెట్ల వైపే చూస్తూ కూర్చున్నదని మా అమ్మ చెప్పేది. తరువాతి ఆదివారము చివరి వరుసలో వచ్చి కూర్చుంది. ఏడాది తిరగకుండా గోదావరిలో బాప్తిస్మము పొందింది.

ఆ చిత్రము వెనుక కథ మాకు చాలా కాలము తరువాత తెలిసింది. యేసుప్రభువుగా నటించినవారు విజయచందర్ గారు. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారి మనుమడు. అప్పటికి ఆయన పెద్ద పేరున్న నటుడు కాడు. నిర్మాత కూడా ఆయనే. డబ్బు అందక పని ఆగుతూ, మళ్ళీ సాగుతూ నడిచిన చిత్రమది. దర్శకులు ఎ. భీమ్‌సింగ్ గారు, తమిళములో శివాజీ గణేశన్ గారితో పాశమలర్ వంటి చిత్రములు తీసినవారు. ఆయన 1978 జనవరిలో కన్నుమూశారు. చిత్రము ఆ సంవత్సరమే తరువాత విడుదలైంది, దానికి జనము వచ్చిన తీరు ఆయన చూడలేదు. క్రిస్టఫర్ కొయెలో అనే ఫ్రాన్సిస్కన్ గురువు ఈ చిత్రమునకు అండగా పనిచేశారు. పాటలలో మోదుకూరి జాన్సన్ గారి చేయి ఉంది. ఒక హిందూ నటుడు, ఒక కతోలిక గురువు, ఒక క్రైస్తవ కవి, తమిళనాట పేరు తెచ్చుకొన్న దర్శకుడు, వీరందరూ కలిసి చేసిన దానిని ప్రొటెస్టెంటు సంఘముల వాళ్ళము మా మందిరము వెనక కట్టుకొని చూశామన్నమాట! ఇదే చిత్రము హిందీలో దయాసాగర్ అయింది. జాన్ గిల్మన్ అనే అమెరికా దేశస్థుడు దీనిని పట్టుకొని, ప్రొజెక్టరు బృందములను ఏర్పాటు చేసి, అనేక భాషలలో ఈ దేశములోని పల్లెలకు పంపారు. థియేటరు మొగము చూడని లక్షలాది జనము దీనిని పొలాల్లోనూ, బడి ఆవరణల్లోనూ చూశారు.

ఇక్కడ ఇంకొక మాట చెప్పాలి. మన దేశములో సినిమాకు బీజము పడినది కూడా క్రీస్తు చిత్రముతోనే. దాదాసాహెబ్ ఫాల్కే గారు 1910 ప్రాంతములో బొంబాయిలో క్రీస్తు జీవితమును గూర్చిన మూగచిత్రమొకటి చూశారు. చూస్తున్నంతసేపూ తన మనసులో రాముడు, కృష్ణుడు మెదిలారని, మన దేవుళ్ళను ఇట్లా ఎందుకు చూపకూడదని అనుకొన్నానని ఆయనే వ్రాసుకొన్నారు. ఆ ఆలోచన 1913లో రాజా హరిశ్చంద్ర అయింది. మనవాళ్ళు సినిమాను లోకపు వస్తువని తిట్టేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకొనరు. మేమూ గుర్తుంచుకోలేదు.

తెర మీద ప్రభువు ముఖము ధరించిన మనిషి తరువాత ఎట్లా బ్రదకాలి అన్నది అమెరికాలోనూ పెద్ద చిక్కే. 1927లో సిసిల్ డెమిల్ గారు కింగ్ ఆఫ్ కింగ్స్ తీసినప్పుడు హెచ్.బి. వార్నర్ అనే ఆంగ్లేయుడు క్రీస్తుగా వేశారు. షూటింగు నడిచినన్నాళ్ళూ ఆయన తక్కినవాళ్ళతో కలిసి భోజనము చేయకుండా కట్టుబాటు పెట్టారు. అదే వార్నర్ గారు 1946లో ఇంకొక చిత్రములో తాగి, కొడుకు పోయిన దుఃఖములో మందుల పొట్లములో విషము కలిపేసే మందులషాపు ముసలాయనగా వేశారు. ఆ దేశపు జనము దానిని కూడా మెచ్చుకొని చూస్తారు.

మా దగ్గర అట్లా కాలేదు. విజయచందర్ గారి ముఖము క్యాలెండర్ల మీదికి ఎక్కింది. గిరజాల జుట్టు, సన్నని గడ్డము, పైకెత్తిన కళ్ళు. దుకాణాల్లో, ఆటోల అద్దముల మీద, పూరిళ్ళ తడికెల మీద అదే ముఖము. మామ్మ ఇంట్లోనూ అదే. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుఫాను కోనసీమను నేలమట్టము చేసినప్పుడు, వెయ్యిమందికి పైగా పోయినప్పుడు, మామ్మ ఇల్లు ఆకులతో సహా లేచిపోయింది. ఆమె రేషను కార్డునూ ఆ క్యాలెండరు బొమ్మనూ ఒకే ప్లాస్టిక్ సంచిలో చుట్టి రొమ్మున పెట్టుకొని బడి మేడ మీద రాత్రంతా కూర్చుంది. తరువాత కట్టిన పక్కా ఇంట్లో మొదటి మేకు దానికే కొట్టింది.

2003లో మేము వేదాంత డిప్లొమా ముగించుకొని వచ్చాము. ఇరవై నాలుగేండ్ల వయస్సు, నాలుగు గ్రీకు మాటలు, తెలియనిది ఏమీ లేదన్న ధైర్యము. 2004లో మెల్ గిబ్సన్ అనే అమెరికా నటుడు, దర్శకుడు తీసిన పాషన్ చిత్రమును కుర్రవాళ్ళు సీడీ మీద తెచ్చారు. అరామిక్, లాటిను, హెబ్రీ మాటలతో ఉంటుంది, రక్తము ఎక్కువ. దానిని చూసి, కరుణామయుడును చూసి, ఏది గొప్ప అని వాళ్ళు వాదించుకొంటున్నారు. ఆ వారములోనే ఒక గురువారము పొరుగింటి టీవీలో షిర్డీ సాయిబాబా చిత్రము వస్తున్నది. 1986లో కె. వాసు గారు తీసినది. తలగుడ్డ చుట్టుకొన్న బాబా ముఖము చూశాము. అదే ముఖము! మామ్మ గోడ మీది ముఖము!

ఆ ఆదివారము నిర్గమకాండము ఇరవయ్యో అధ్యాయము తీశాము. వేషగాని ముఖమునకు దండము పెట్టేవాళ్ళ గూర్చి ముప్పావుగంట ప్రసంగించాము. ఈ రోజు యేసు, రేపు బాబా, ఎల్లుండి ఇంకొకరు, డబ్బిచ్చిన వాడి దేవుడు అని ఎద్దేవా చేశాము. పేరు ఎత్తలేదు గాని మామ్మ వైపు రెండుసార్లు చూశాము. కొందరు నవ్వారు. మాకు ఆ నవ్వు బాగానే ఉంది.

మామ్మ ఆదివారము కూడికకు రావడము మానలేదు. కాని ఆ తరువాత సాక్ష్యము చెప్పడానికి ఎన్నడూ లేవలేదు. అంతకు ముందు ఏటా కొత్త సంవత్సరపు కూడికలో లేచి, తెల్లగుడ్డ మీద ప్రభువును చూసిన రాత్రి గూర్చి చెప్పేది. ఆ ఏడాది లేవలేదు. మరుసటి ఏడాదీ లేవలేదు. ఆమె విసిగి మానుకొన్నదని మేము సరిపెట్టుకొన్నాము.

మూడో ఏడు ఆమెకు జ్వరము వచ్చిందంటే ప్రార్థనకు వెళ్ళాము. గోడ మీద మేకు ఉంది. దాని క్రింద సున్నము తెల్లగా, నలుచదరముగా, చుట్టూ పొగచూరిన గోడ మధ్యన. మేము దానినే చూస్తున్నామని ఆమె చూసింది.

“తీసేసేనండి అయ్యగారండీ. మీరు చెప్పేరు గదాండి.”

ఏమీ అనలేకపోయాము.

“ఆయన బాబాగారి ఏసం కట్టేడని నాకూ తెలుసండి. మా కోడలు సూపించింది. కట్టనియ్యండి, ఆయన పని అది. పంటు దాటించినోణ్ణి నీదే పేటరా అని అడిగేనేటండి నేను? నాకు సదువు రాదు గదాండి. మీకు బైబులుంది. నాకా రేత్రి ఉంది.”

ప్రార్థన చేసి వచ్చేశాము. ఆ రోజు ఏమి ప్రార్థించామో గుర్తు లేదు.

ఆ తరువాతనే మేము ఆయన గూర్చి తెలుసుకోవడము మొదలుపెట్టాము. 1980లో బాపు గారి రాజాధిరాజులోనూ ఆయనే క్రీస్తు, అందులో నూతన్ ప్రసాద్ గారు సాతాను. 1983లో ఆంధ్రకేసరి అని తాతగారి జీవితమును చిత్రముగా తీశారు. దానికి ఆయనే దర్శకుడు, ప్రకాశము పంతులుగారి వేషమూ ఆయనే వేశారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో పోలీసు తుపాకుల ముందు రొమ్ము విప్పి నిలబడిన మనిషి వేషము అది. సొంత తాతను చూపించడము కంటె ప్రభువును చూపించడము తేలికేమో అని మాకు అనిపిస్తుంది. తాతను ఎరిగినవాళ్ళు బ్రతికి ఉంటారు గదా! పంతులుగారు కూడా బాల్యములో నాటకములాడినవారే. ఒంగోలులో చదువుకొనే రోజుల్లో ఆడవేషములు కట్టానని తన జీవిత చరిత్రలో దాచకుండా చెప్పుకొన్నారు. తరువాత వేమన, కబీరుదాసు వేషములు కూడా విజయచందర్ గారు వేశారు. 2019లో ఆంధ్రప్రదేశ్ చలనచిత్ర అభివృద్ధి సంస్థకు అధ్యక్షుడిగా నియమితులయ్యారు.

యోగులు, భక్తులు, త్యాగులు. ఒక మనిషి నట జీవితములో ఎక్కువగా జ్ఞాపకముండేవి ఇవే. డబ్బిచ్చిన వాడి దేవుడు అన్న మా మాట ఎంత తేలికపాటిదో అప్పుడు సిగ్గుపడ్డాము. మొదటి చిత్రమునకు డబ్బు పెట్టినవాడు ఆయనే అయితే, ఆ మాటకు అర్థమే లేదు. బొమ్మకు మ్రొక్కకూడదన్న మాట మాత్రము మేము వెనక్కి తీసుకోము. అది ఆజ్ఞ. అయితే మామ్మ మ్రొక్కినదా అని మేము ఒక్కసారి అడిగి ఉండవలసింది. మరి వేషము సంగతికి వస్తే, మేమును ప్రతి ఆదివారము తెల్లని అంగీ తొడిగి, ఇంట్లో లేని గొంతు ఒకటి తెచ్చుకొని మాట్లాడుతున్నాము. క్షమాపణ గూర్చి చెప్పిన ఒక ఆదివారము నాటికి, గట్టు మీది ఒక కొబ్బరి చెట్టు విషయమై మా తమ్మునితో మాట్లాడక ఏడు నెలలైంది. మా ముఖమును క్యాలెండరు మీద ఎవరూ వేయలేదు కాబట్టి బ్రదికిపోయాము.

2016లో మామ్మ మంచాన పడింది. కళ్ళకు శుక్లములు ముదిరిపోయి చూపు పూర్తిగా ఆనడము లేదు. ఆ పాత క్యాలెండరు బొమ్మ కోసము అమలాపురములో నాలుగు దుకాణములు తిరిగాము, దొరకలేదు. అన్నీ తెల్లజుట్టు, నీలికళ్ళ విదేశీ బొమ్మలే. చివరకు మా అబ్బాయి సెల్‌ఫోనులో కరుణామయుడు పెట్టి ఇచ్చాడు. ఒక సాయంకాలము వెళ్ళి మంచము ప్రక్కన స్టూలు వేసుకొని, ఫోను ఆమె చెవి దగ్గర పట్టుకొన్నాము. కళ్ళు మూసుకొని విన్నది. సిలువ మోసే పాట వచ్చేసరికి పెదవులు కదిలాయి. మేకుల చప్పుడుకు చేయి ముడుచుకొంది.

కొంతసేపటికి మెల్లగా అడిగింది. “జనం బాగా వచ్చేరాండి?”

“వచ్చేరు మామ్మా. అన్ని పేటల వాళ్ళూ వచ్చేరు.”

“గుడ్డ కట్టేరా?”

“కట్టేము. మందిరం వెనక కొబ్బరి చెట్లకి.”

“గట్టిగా కట్టండి బాబూ, గాలొస్తంది” అంది.

ఫోను మరో చేతిలోకి మార్చుకొని, అయిపోయేవరకు అట్లాగే పట్టుకొని కూర్చున్నాము.