ఉద్ది కుదరని ఆట

చెడుగుడుకు జట్లు పంచుకునేటప్పుడు ఊళ్లో పిల్లలు ఉద్దులు పట్టుకునేవాళ్లు. బలంలోనూ పరుగులోనూ ఇంచుమించు సమానమైన ఇద్దరు భుజాల మీద చేతులేసుకుని కాస్త దూరం పోతారు. గుసగుసగా చెరో దొంగపేరూ పెట్టుకుని తిరిగొచ్చి నాయకుల ముందు నిలబడతారు. ‘‘చందమామ కావాలా, చింతకాయ కావాలా?’’ చందమామ అడిగినవాడికి ఒకడు, అవతలి జట్టుకు రెండోవాడు. ఎవడు ఎటు పోయినా తక్కెడ మొగ్గదు. ఎనిమిదో క్లాసు బండోడు నాలుగో క్లాసు బక్కోణ్ని ఉద్దిగా తీసుకొచ్చాడో, అక్కడికక్కడే గోల. ఎవడి సత్తా ఎంతో ఊరందరికీ తెలుసు మరి.

ఆన్‌లైన్ ఆటకు ఆ సౌకర్యం లేదు. రాత్రి పదకొండింటికి ఒకడు కంప్యూటర్ ముందు కూర్చుని మీట నొక్కితే, ముక్కూ మొహం తెలియని ఐదుగురిని నిమిషంలో వెతికి తేవాలి. వాళ్లంతా వాడికి ఉద్దులై ఉండాలి కూడా. తెచ్చేవాడి దగ్గర ఉన్న ఆధారం ఒక్కటే: ఇంతకుముందు ఎవరు ఎవరి మీద గెలిచారన్న చిట్టా. దాని నుంచే ప్రతివాడికీ ఒక అంకె కడతారు. ఆ అంకె మీదే గొడవంతా. ఓడినవాడల్లా లెక్కే తప్పంటాడు, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. కాకపోతే ఈ మద్దెల కొన్ని చోట్ల నిజంగానే ఓడు. ఆటగాళ్లు వేలు పెట్టి చూపించే చోట మాత్రం సాధారణంగా కాదు.

ఈ లెక్కలకు తాత చదరంగం రేటింగ్. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ భౌతికశాస్త్ర ఆచార్యుడు అర్పాడ్ ఎలో దాన్ని కట్టాడు. 1960లో అమెరికా చదరంగ సమాఖ్య, 1970లో ప్రపంచ సమాఖ్య ఫిడే దాన్ని తీసుకున్నాయి. గుట్టు చిన్నదే. ఆటకు ముందు ఒక జోస్యం చెప్పాలి, ఆటయ్యాక ఆ జోస్యం ఎంత తప్పిందో అంకెను అంత జరపాలి. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పై వాడికి నూటికి 76 పాయింట్లు రావాలని ఎలో లెక్క. వరంగల్ కుర్రాడు ఇరిగేశి అర్జున్ 2024 డిసెంబర్ జాబితాలో 2801కి చేరాడు. ఆ స్థాయిలో ఉన్నవాడు 2601 రేటింగ్ ఉన్నవాడితో డ్రా చేసుకుంటే 2.6 పాయింట్లు పోగొట్టుకుంటాడు. ఓడలేదు, అయినా తగ్గింది! రేటింగును బహుమతి అనుకునేవాడికి ఇది దారుణం. జోస్యం అనుకున్నవాడికి మామూలు సంగతి.

అంతమాత్రాన ఎలో మద్దెల చెక్కు చెదరనిదేమీ కాదు. పిల్లలు వేగంగా ఎదిగిపోతుంటే వాళ్ల అంకెలు వెనకబడిపోయాయి. తక్కువ అంకె తగిలించుకున్న పిడుగుల చేతుల్లో పెద్దలు పాయింట్లు పోగొట్టుకుంటూ వచ్చారు. చివరికి 2024 మార్చిలో ఫిడే 2000కు లోపు ఉన్నవాళ్లందరి అంకెలనూ ఒక్కసారిగా పైకి జరిపింది. 1500 ఉన్నవాడు తెల్లారేసరికి 1700 అయ్యాడు.

చదరంగంలో ఓడితే నింద పంచుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు. రాకెట్ లీగ్‌లో ఉంటారు. 2015లో వచ్చిన ఈ ఆటలో కార్లు ఫుట్‌బాల్ ఆడతాయి. వెనక నుంచి మంట చిమ్ముకుంటూ గాల్లోకి లేచి, తమకంటే పెద్ద బంతిని గుద్దుతాయి. ఆట ఐదు నిమిషాలు, జట్టుకు సాధారణంగా ముగ్గురు. గోలు కొడితే 100, కొట్టించినా కాపాడినా 50 చొప్పున తెర మీద పాయింట్లు పడుతుంటాయి. చివరి అర నిమిషం, స్కోరు రెండు రెండు అనుకుందాం. ముగ్గురూ ఒకే బంతి మీదికి ఉరికి ఒకరినొకరు గుద్దుకున్నారు. వెనక గోలు గుమ్మం బార్లా తెరిచి ఉంది. అవతలివాడు పెద్ద తొందరేమీ లేకుండా బంతిని దొర్లించేశాడు. రెండు గోల్సూ కొట్టి, అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న కుర్రాడికి కూడా ర్యాంకులో కోతే. ర్యాంకు లెక్కకు తెర మీది పాయింట్లతో పని లేదు. గెలిచావా, ఓడావా, అంతే.

అన్యాయమనే అనిపిస్తుంది. కానీ గోలుకింత అని ర్యాంకులో కలిపితే గోలు దగ్గర కాపలా కాసేదెవరు? ముగ్గురూ బంతి వెంటే పడతారు, ఆ ఖాళీ గుమ్మం ప్రతి ఆటలోనూ ఖాళీగానే ఉంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. తోడుగా వచ్చిన మొద్దులు ఇవాళ ఇటుంటే రేపు అటు ఉంటారు. పది ఆటల్లో ఈ లెక్క గుడ్డిదే. మూడు వందల ఆటల్లో మొద్దుల బరువు రెండు వైపులా సరిపోతుంది, అన్ని ఆటల్లోనూ మారకుండా ఉన్నది ఆ కుర్రాడొక్కడే. ఈ మాట ఓడిన రాత్రి వాడికి చెప్పకపోవడం మంచిది.

మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఎక్స్‌బాక్స్ కోసం కట్టిన ట్రూస్కిల్‌లో ఇంకాస్త నిజాయితీ కనిపిస్తుంది. అది ప్రతివాడి గురించీ రెండు అంకెలు రాసుకుంటుంది. ఒకటి సత్తా, రెండోది ఆ సత్తా మీద తనకున్న అనుమానం. కొత్తవాడి సత్తా 25, అనుమానం సుమారు 8.33. బయటికి చూపించేది సత్తాలోంచి మూడింతల అనుమానం తీసేసిన అంకె, అంటే సున్నా. తెలియనివాణ్ని తెలియదనే చెప్పడం అన్నమాట. 2018లో వచ్చిన ట్రూస్కిల్ 2 సొంత ఆటతీరును, మధ్యలో వదిలి పారిపోయే అలవాటును కూడా లెక్కలోకి తెచ్చింది.

అందరికంటే మొండిది ఐరేసింగ్. 2008లో మొదలైన ఈ కార్ల పందేల ఆటలో వేగానికొక రేటింగు, ఒద్దికకొక రేటింగు. చక్రాలు దారి దిగితే ఒకటి, బండి అదుపు తప్పి తిరిగితే రెండు, మరో కారును గట్టిగా గుద్దుకుంటే నాలుగు మచ్చలు. తప్పెవరిదని అది అడగదు. మొదటి మలుపులో వెనకవాడు బ్రేకు మరిచిపోయి వచ్చి గుద్దినా తెర మీద నాలుగు ఇద్దరికీ వెలుగుతుంది. మన రోడ్ల మీద ఆటోను బస్సు గుద్దితే తప్పు పెద్ద బండిదేనని జనం క్షణంలో తీర్పు ఇచ్చేస్తారు. ఐరేసింగ్ ఆ తీర్పుల జోలికే పోదు. గుద్దుకున్న ఇద్దరూ ‘నాది కాదు’ అనేవాళ్లే, వేల పందేలకు పంచాయతీ పెట్టడం ఎవరి తరం? మొదటి మలుపులో ఎగబడే అలవాటున్నవాడికి మచ్చలు ఎలాగూ పేరుకుంటాయి. పోనీలే అని పక్కకు తప్పుకునేవాడికి తగ్గుతాయి.

అసలు పగుళ్లు లెక్కకు అవతల ఉన్నాయి. ఒకటి పర్సు. ఈఏ ఫుట్‌బాల్ ఆటల్లోని అల్టిమేట్ టీమ్‌లో ఆటగాళ్లు ప్యాకెట్లలో వస్తారు, ప్యాకెట్లకు డబ్బు పెట్టొచ్చు. లాటరీని పోలిన ఈ అమ్మకం మీద బెల్జియం జూద నియంత్రకులు పట్టుబట్టడంతో 2019 జనవరిలో అక్కడ ప్యాకెట్లు కొనే పాయింట్ల అమ్మకం ఆగింది. రెండోది తీరిక. ఆ వరసలోని ఫిఫా 17లో వారాంతపు పోటీకి 40 మ్యాచులు. ఆటకు 12 నిమిషాలనుకున్నా ఎనిమిది గంటలు. ఉద్యోగం ఉన్నవాడి ర్యాంకుకు అక్కడే సగం గండి. తర్వాత ఆ సంఖ్యను 30కి, ఫిఫా 22లో 20కి తగ్గించారు.

మూడోది ముసుగు. డబ్బు తీసుకుని ఇంకొకరి ఖాతాలో ఆడి ర్యాంకు పెంచిపెట్టే వ్యాపారాన్ని దక్షిణ కొరియా 2019 జూన్ నుంచి నేరం చేసింది. రెండేళ్ల దాకా జైలు, 2 కోట్ల వోన్ల దాకా జరిమానా. దీనికి తిరగేసిన మోసం స్మర్ఫింగ్, చేయి తిరిగినవాడు కొత్త ఖాతా తెరిచి పసివాళ్ల మీద పడటం. 1990లలో వార్‌క్రాఫ్ట్ 2లో ఇద్దరు ఘనులతో ఆడటానికి ఎవరూ రాకపోతే, పాపా స్మర్ఫ్, స్మర్ఫెట్ అని మారుపేర్లు పెట్టుకుని వచ్చారట. ఆ మాట అలా నిలిచింది. చెడుగుడులో దొంగపేరు జట్లు సమంగా పంచడానికి, ఇక్కడ దాన్ని చెడగొట్టడానికి.

రాకెట్ లీగ్ 2020 సెప్టెంబర్‌లో ఉచితమయ్యాక కొత్త ఖాతాకు పైసా ఖర్చు లేదు. వరసగా గెలిచే కొత్తవాణ్ని లెక్క త్వరగానే పసిగట్టి పైకి పంపేస్తుంది. ఆ సంగతి స్మర్ఫుకూ తెలుసు. అందుకే మధ్యమధ్యలో కావాలనే ఓడతాడు. బంతిని వెనక్కి తిప్పి, సొంత గోల్లోకే తోసి, అవతలివాళ్లకు దారిచ్చి నిలబడతాడు. ఆ ఐదు నిమిషాలు అతని పక్కన పడ్డ ఇద్దరి ఖాతాలోనూ అది మామూలు ఓటమిగానే జమ అవుతుంది.