డోర్న్‌బుర్గ్ కుమ్మరి బడి

జర్మనీలోని తూరింగియాలో, జాలె నది పక్కన నిట్టనిలువు కొండ మీద డోర్న్‌బుర్గ్ అనే చిన్న ఊరుంది. అక్కడి కోట గుర్రపుశాలలో 1920 నుంచి అయిదేళ్ళు ఒక కుమ్మరి బడి నడిచింది. వాల్టర్ గ్రోపియస్ 1919లో వైమార్‌లో పెట్టిన బౌహౌస్ కళాశాలకు అది శాఖ. కళాకారుడికి కళాశాల చదువెందుకని ఎవరడిగినా నాకు ముందు గుర్తొచ్చేది ఆ బడే.

అక్కడ గురువులు ఇద్దరు. మాక్స్ క్రేహాన్‌ది కుమ్మరుల వంశం. సారె పట్టడం, పూత పూయడం, ఆము కాల్చడం ఆయన నేర్పేవారు. గెర్‌హార్డ్ మార్క్స్ శిల్పి. పాత్ర రూపురేఖల సంగతి ఆయనది. ఆముకు కావలసిన కట్టెలు కూడా విద్యార్థులే కొట్టుకునేవారు. అలా చేయి తిరిగినవాడే థియోడోర్ బోగ్లర్. 1923లో ఆయన టీపాట్‌కు ఒకే రకం భాగాలు అచ్చుపోసి, పిడినీ మూతనూ మార్చి అమర్చుతూ రకరకాల పాత్రలు తయారుచేశారు. కార్ఖానాకు పనికొచ్చే ఆ ఆలోచన సారె ముందు కూర్చున్న మనిషికి తట్టింది.

మా ఊళ్ళోనూ కుమ్మరి వీధి ఉండేది. విద్య తండ్రి నుంచి కొడుక్కి దక్కేది. ఆ ఇంటి ఆడవాళ్ళు మన్ను తొక్కేవారు, పిసికేవారు, సారె మాత్రం ముట్టేవారు కాదు. మిగతా పిల్లలం గట్టు మీద కూర్చుని చూసేవాళ్ళం. ఇప్పుడా వీధిలో సారె లేదు, ఆము లేదు.

ఆడపిల్లల్ని కుండల పనిలోకి రానివ్వడానికి బౌహౌస్ పెద్దలూ వెనకాడారు. అయినా మార్గరీట్ ఫ్రీడ్‌లాండర్ డోర్న్‌బుర్గ్‌లో పని నేర్చుకున్నారు. కుమ్మరి ఇంట పుట్టని మనిషికి ఆ విద్య అందిందంటే, బడి ఉండబట్టే.

తర్వాత తూరింగియాలో ప్రభుత్వం మారింది, నిధులకు కోత పడింది. 1925లో బౌహౌస్ దెసావ్‌కు తరలింది. అక్కడ కుమ్మరి పనికి చోటు దొరకలేదు. క్రేహాన్ ఆ ఏడాదే కన్నుమూశారు. హాల్లె కళాశాలలో కుమ్మరి విద్య చెబుతున్న మార్గరీట్‌ను 1933లో యూదురాలని పనిలోంచి తీసేశారు. ఆమె హాలెండ్ వెళ్ళి, అక్కణ్ణుంచి అమెరికా చేరి, కాలిఫోర్నియాలోని పాండ్ ఫామ్‌లో దశాబ్దాల పాటు వేసవి బడి నడిపారు. అక్కడ మొదటి పాఠం కుక్కకు తిండి పెట్టే గిన్నె. అది కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ చేయాలి. చేసినవన్నీ తిరిగి మట్టిలో కలిసేవి. ఇంటికి పట్టుకెళ్ళడానికి ఒక్క కుండా ఉండేది కాదు, నేర్చిన పని తప్ప.

ఆమెకు ఉద్యోగం పోయింది, దేశం పోయింది. చేతిలోని పని మాత్రం ఎవరూ లాక్కోలేకపోయారు. పిల్లల్ని కళాశాలలో చేర్చబోయే తల్లిదండ్రులు పట్టా ఏమిటి, జీతమెంత అని అడుగుతారు. అడగాల్సిందే. దాంతోపాటు ఇంకో రెండు మాటలూ అడగండి: అక్కడ పని తెలిసిన గురువు ఉన్నాడా? పిల్లల చేతులు రోజూ పనిలో ఉంటాయా? ఈ రెండూ ఉన్న బడి అయిదేళ్ళే బతికినా, అక్కడ చదివినవాళ్ళను జీవితమంతా నిలబెడుతుంది.