అమ్మమ్మకు ఐదడుగుల దూరంలో...

లగ్గం పెట్టుకున్న ఇంట్లో వంద పనులు. పచ్చని పందిరి, బ్యాండు మేళం, వంటవాళ్లు, బట్టలు, బంగారం... వీటి మధ్య ఇప్పుడు ఇంకో ముచ్చట కూడా చేరింది. పెళ్లిపిల్ల అన్నో, మేనమామ కొడుకో కెమెరా కొనుక్కుని ఉంటాడు. 'మనుషుల ముఖాలు బాగా రావాలంటే ఏ లెన్స్ తీసుకోవాలి?' అన్నది అతని బెంగ. జనగామ జిల్లాలో 2016లో మండల కేంద్రమైన తరిగొప్పుల లాంటి ఊళ్లకూ ఈ బెంగ కొత్తేం కాదు.

దుకాణంలో అడిగితే అంకెలు చెబుతారు. 35, 50, 85, 135. ఆ అంకెల వెనక ఉన్న అసలు సంగతి ఒక్కటే... ఫొటో తీసే మనిషి ఎంత దూరంలో నిలబడాలి అన్నది! ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 35 లెన్స్ బిగించి ముఖం, భుజాలు నిండుగా తీయాలంటే రెండడుగుల దగ్గరికి వెళ్లాలి. అంత దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయి. 85తో అదే ఫొటో ఐదడుగుల నుంచి వస్తుంది. ముఖం మనం రోజూ చూసినట్టే ఉంటుంది. 135కి ఏడెనిమిది అడుగులు కావాలి. చుట్టాలతో కిక్కిరిసిన పందిట్లో అంత జాగా ఎక్కడిది? మధ్యలో ఎవరో ఒకరు అడ్డం వస్తారు.

సెన్సర్ చిన్నదైన కెమెరా ఉన్నవాళ్లు 85 కోసం అప్పు చేయనక్కర్లేదు. 50 లెన్స్ పెడితే చాలు, అది 75, 80తో సమానంగా పని చేస్తుంది. 1.8 దాకా తెరుచుకునే 50 లెన్స్ చవకైన వాటిలో ఒకటి. కెమెరాతో వచ్చే 18-55 జూమ్‌ను చివరిదాకా తిప్పితే 5.6 దగ్గరే ఆగిపోతుంది. దానికంటే ఇది దాదాపు పది రెట్లు వెలుతురు తీసుకుంటుంది. రాత్రి ముహూర్తమైనా ఫ్లాష్ అంతగా అవసరం పడదు.

ఒక్క జాగ్రత్త. 85ను 1.8 దగ్గర పెట్టి ఐదడుగుల నుంచి తీస్తే స్పష్టంగా ఉండేది రెండు వేళ్ల వెడల్పు మేరే. పిల్లనూ పిలగాడినీ కలిపి తీసేటప్పుడు 4కో, 5.6కో మార్చుకుని, రెండడుగులు వెనక్కి జరగాలి. లేదంటే పిల్ల స్పష్టంగా, పిలగాడు పొగమంచులో!

అయినా జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలకు డబ్బులిచ్చి పెట్టుకున్న ఫొటోగ్రాఫర్ ఉండనే ఉంటాడు. అతని కెమెరా అంతగా తిరగనిది వెనక వరస కుర్చీల వైపే. పెట్టెలోంచి తీసిన పట్టుచీర కట్టుకుని అమ్మమ్మ కూర్చునేది అక్కడే. ఇంటివాళ్లు కొనే లెన్స్ ఆమె కోసం.

ఎందుకంటారా? మన ఇళ్లలో గోడ మీద దండ వేసిన ఫొటోలు ఒకసారి చూడండి. కొన్ని ఏదో కార్డు మీది ఫొటోను పెద్దది చేయించినవి. కొన్ని ఏ పెళ్లి గ్రూపు ఫొటోలోంచో కత్తిరించినవి. పక్కవాళ్ల భుజం ఇంకా అంచున కనిపిస్తూనే ఉంటుంది. ఎనభై ఏళ్ల బతుక్కి మిగిలిన ముఖం అదే!

కెమెరా ముందు సంకోచించేవాళ్ల గురించి ఆలోచించడం మన దగ్గర పాత సంగతే. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే జనానా స్టూడియో తెరిచారు. అక్కడ ఫొటోలు తీసిందీ మహిళే.

కెమెరా రెండడుగుల్లోకి వస్తే అమ్మమ్మ కొంగు అడ్డం పెట్టుకుంటుంది. "నాకెందుకు బిడ్డా ఫొటో... పిల్లకు తియ్యి" అంటుంది. ఐదడుగుల అవతల కూర్చుని పాత లగ్గాల ముచ్చట తీస్తే కాసేపటికి కెమెరా సంగతే మర్చిపోతుంది. అప్పుడు నొక్కాలి.

తీశాక ఫోన్లోనో, కంప్యూటర్లోనో వదిలేయకూడదు. ప్రింటు వేయించి ఆమె చేతిలోనే పెట్టాలి. "గిది నేనేనా బిడ్డా?" అని ఆమె ఆ ఫొటో చూసుకుని మురిసిపోవాలి.