గ్లోయింబైర్: పచ్చికగోడల యిల్లు

ఐస్‌లాండు ద్వీపపు టుత్తరభాగమున స్కాగాఫ్యోర్ద్ అను ప్రాంతమునందు, ఒక మెట్టమీద, గ్లోయింబైర్ అను పురాతనపు కమతమును, దాని ప్రక్కనే యొక చిన్న చర్చియు నున్నవి. వెనుకవైపునుండి పోవువారికి ఇల్లు కనబడదు. గడ్డి మొలచిన దిబ్బలు కొన్ని వరుసగా నున్నట్లు తోచును. ముందువైపునకు వచ్చినచో, ఆ దిబ్బలకే కొయ్యతలుపులును కిటికీలును ఉన్నవి!

అచ్చట కట్టుబడికి రాయి యరుదు, కలపయు నరుదు. అందుచేత వేళ్లతోగూడ పచ్చికగడ్డలను కోసి, ఏటవాలుగా పేర్చి గోడలు పెట్టిరి. కప్పుమీదను పచ్చికయే. చలి నాపుటకు మంచిదే కాని, తడికి నాని క్రుంగును. మరల మరల కట్టవలసినదే. కావున నేడు చూచు గదులు 18, 19 శతాబ్దములవి, కాపురము వేయేండ్లనాటిది.

పొడుగాటి చీకటి నడవ కొసను 'బాద్‌స్తోవా' యను గది కలదు. ఇంటిల్లిపాదికి నదియే పడకటిల్లు, భోజనశాల, పనిచోటు. శీతకాలపు రాత్రులందు ఒకరు దీపముకడ పూర్వకథలు చదువుచుండగా, తక్కినవారు ఉన్ని ఏకుచు, వడకుచు, అల్లుచు వినుచుండెడివారు. ఆ చేతులవారి పేర్లు కథలకెక్కలేదు. ఒక యిల్లాలి పేరు మాత్ర మెక్కినది.

ఆమె గుద్రీద్. గ్రీన్లాండులో మొదటి భర్త పోగా, థోర్ఫిన్ కార్ల్సెఫ్నిని వివాహమాడి, క్రీ.శ. 1000 ప్రాంతమున నతనితో నోడనెక్కి ఉత్తరఅమెరికా చేరెను. అచ్చట స్నోరి పుట్టెను. ఆ గడ్డమీద పుట్టినట్లు తెలిసిన మొదటి ఐరోపా శిశువు వీడే. పిమ్మట వారు గ్లోయింబైరును కొని కాపురముండిరని గ్రీన్లాండువారి కథ చెప్పుచున్నది. (దగ్గరనున్న రేయ్నినెస్ అని వేరొక కథ.) భర్త గతించిన పిదప ఆమె కుమారునితో సేద్యము నడపి, ఇంటికి కోడలు రాగానే తీర్థయాత్రకు బయలుదేరెను. అత్తగారు తీర్థములకు పోవుట మనకు క్రొత్తగాదు. కాని యీ యాత్ర రోమునగరమునకు! ఆమె తిరిగివచ్చునప్పటికి స్నోరి చర్చి కట్టించి యుంచెను. అంత సముద్రము దాటిన స్త్రీ, సన్న్యాసినియై, తక్కిన యాయువు నాచోట నేకాంతముగా గడపెను. భక్తియో, బడలికయో, కథకుడు చెప్పలేదు.

2001లో అమెరికా శోధకులు ప్రక్కనున్న గడ్డిపొలము క్రింద 11వ శతాబ్దపు పెద్ద యింటి గోడల జాడలు కనుగొనిరి.

ఈ పచ్చికయిల్లును నిలుపుటకై 1938లో మార్క్ వాట్సన్ అను ఆంగ్లేయుడు 200 పౌనులిచ్చెను. 1947 వరకు మనుష్యులు కాపురముండిరి. 1952లో నది ప్రదర్శనశాల యయ్యెను. ఇప్పటి చర్చి 1926 నాటిది. దాని ప్రక్కనే గుద్రీద్ ప్రతిమ యున్నది: ఓడలో నిలుచున్న తల్లి, ఆమె భుజముపై స్నోరి.