మెదడువాపు జ్వరమునకు మందేది?

జ్వరమనగానే కషాయమో, మాత్రయో యిచ్చి, తెల్లవారునప్పటికి తగ్గునని నమ్ముట మన గృహిణులకు వాడుక. కాని దోమకాటువలన గలుగు జపాను మెదడువాపు జ్వరమున, వైరసును చంపు మందు నేటికిని లేదు.

ఈ సంగతి మేము 1999లో, ఆంధ్రదేశమున నీ వ్యాధి ప్రబలినప్పుడు తెలిసికొంటిమి. మా యాడుబిడ్డ కుమార్తెకు మూడుదినములు జ్వరము వచ్చి, పిదప మూర్ఛలు కలిగి, తెలివి తప్పెను. వైద్యులు మూర్ఛల నణచిరి, ప్రాణవాయువు నిచ్చిరి. "అసలు రోగమునకు మందిచ్చితిరా?" యని తల్లి యడుగగా, "దానికి మందు లేదమ్మా" యనిరి. పిల్ల బ్రదికినది. కుడిచేయి మాత్రము స్వాధీనము కాలేదు. నేటికిని ఎడమచేతనే వ్రాయును, వండును.

ఈ వైరసును వరిమళ్ల నీటిలో పెరుగు క్యూలెక్సు దోమలు పందులనుండియు, కొంగలవంటి పక్షులనుండియు తెచ్చును. సోకినవారిలో సుమారు 250 మందిలో నొకరికే వ్యాధి తీవ్రమగును. అట్టివారిలో నూటికి 30 మందివరకు మరణింతురు. బ్రదికినవారిలో నూటికి 30 మొదలు 50 మందికి ఏదో యొక లోపము మిగులును.

మందుకొరకు ప్రయత్నములు జరుగకపోలేదు. వియత్నాము పిల్లలకు ఇంటర్ఫెరాన్ ఇచ్చి చూచి, గుణము లేదని 2003లో ప్రకటించిరి. ఉత్తరప్రదేశమున రైబవిరిన్ ఇచ్చి చూచిన వైద్యులును 2009లో నామాటయే చెప్పిరి.

దీనికి ముఖ్యముగా రెండు కారణములు కలవు. రక్తములోని వస్తువులన్నియు మెదడులో చొరకుండ ప్రకృతి యొక యడ్డుగోడ నుంచినది. పెక్కు మందులు దానిని దాటజాలవు. రెండవది కాలము. మూర్ఛ కనబడునప్పటికే వైరసు మెదడుకణములలో చేరియుండును. దానిపై దేహము సలుపు పోరాటమే వాపును హెచ్చించును. అప్పుడు మందునకై వెదకుట ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వుటయే. కావున మెదడును చేరగల మందును, వాపు నణచు మందును గూడ శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు.

అట్టిది దొరకినను, ఆలస్యమైన యెడల దానివలన మేలు తక్కువయే. జ్వరముతో బిడ్డ మగతగా నున్నను, పొంతనలేని మాటలాడినను, మూర్ఛిల్లినను, తాయెత్తులకై తిరుగక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

అంతకంటె మేలు టీకా. మనదేశమున 2006లో నీ టీకాలు పెద్దయెత్తున ఆరంభమైనవి. 2013లో హైదరాబాదున తయారైన టీకాయు వచ్చినది. వ్యాధిగల జిల్లాలలో 9 నెలలు నిండినపిదప నొకటి, 16 మొదలు 24 నెలలలోపల మరియొకటి వేయుదురు. సోదరీమణులారా, మీ బిడ్డల టీకాకార్డు నేడే తీసి, ఈ రెండును పడినవో లేదో చూడుడు.