బారాలాచా దారిలో ఒక చిన్న పంకా

మన వైపు వాహనాలలో హీటరు అనే సాధనం ఒకటున్నదన్న సంగతి చాలామందికి తెలియదు, తెలిసినవారికి గుర్తుండదు. మే నెల మధ్యాహ్నం రామగుండంలో ఎవరికైనా హీటరు మీట చూపించి దీని ఉపయోగమేమిటో చెప్పబోతే మనకు మతి చలించిందనుకొంటారు. ముప్పై ఏళ్లుగా విద్యుత్ నిర్వహణ విభాగంలో పనిచేస్తూ, బాయిలరు పొగను చిమ్నీ వైపు లాగే వందల కిలోవాట్ల పంకాలకు మరమ్మతులు చేయించిన ఈ వ్యాసకర్త, రెండు చేతుల్లో ఇమిడే ఒక హీటరు పంకా ముందు ఓడిపోయి, పాఠం నేర్చుకొని వచ్చిన వైనమే ఈ రచన.

2022 సెప్టెంబరు చివరలో నేనూ, నా శ్రీమతీ లేహ్ యాత్రకు బయలుదేరాము. చండీగఢ్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న మా బావమరిది, "నా బండి ఉండగా విమానం ఎందుకు బావగారూ?" అని పట్టుబట్టాడు. ఆ బండి ఇరవై ఏళ్లనాటి డీజిల్ వ్యాను. వెనుక సీట్లు తీయించి, రెండు పడకలు, ఒక వంటగట్టు, నీళ్ల ట్యాంకు, గోడకు మడిచే బల్ల అమర్చి, దానిని నాలుగు చక్రాల ఇల్లుగా మార్చుకొన్నాడు. మా ఆవిడ ఆవకాయ జాడీకి అందులో ఒక ప్రత్యేక స్థానం కూడా దొరికింది.

మనాలి దాటిన తర్వాత అటల్ సొరంగంలో ప్రవేశించాము. 9.02 కి.మీ. పొడవున్న ఈ సొరంగాన్ని సరిహద్దు రహదారుల సంస్థ నిర్మించింది. 2020 అక్టోబరు 3న ఇది ప్రారంభమయ్యాక మనాలి, సర్చూల మధ్య దూరం 46 కి.మీ. తగ్గింది. ఇటు దేవదారు వృక్షాల పచ్చదనం, అటు బోడి కొండల లాహౌల్ లోయ. పది పదిహేను నిమిషాలలో ప్రకృతి వేషం మార్చివేసినట్లు తోస్తుంది. తాండీ వద్ద చంద్రా, భాగా నదుల సంగమం చూశాము. ఆ రెండూ కలిసి చంద్రభాగగా ప్రవహించి, దిగువన చీనాబ్‌గా ప్రసిద్ధి పొందుతాయి. మేము వెళ్లవలసిన దారి భాగా నది వెంట పైకి, దాని జన్మస్థానం దాకా. కేలాంగ్ దాటి, సాయంకాలానికి సుమారు 3,200 మీటర్ల ఎత్తున ఉన్న జిస్పా గ్రామం చేరి, నది ఒడ్డున బండి నిలిపాము.

హీటరు పంకా ఆగిపోయినది ఆ సాయంత్రమే.

ఈ హీటరు నిర్మాణం చాలా సులువు. ఇంజనును చల్లబరచి వేడెక్కిన నీటిలో కొంత భాగం ముందు బల్ల వెనుకనున్న చిన్న రేడియేటరు గుండా పోతుంది. పంకా దాని మీదుగా గాలిని తోసి, కాళ్ల వద్దకూ, ముందు అద్దం మీదకూ పంపుతుంది. పంకా తిరగకపోతే రేడియేటరు ఎంత వేడిగా ఉన్నా ఆ వేడి అక్కడే ఉండిపోతుంది. పైగా, ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి, అదే పంకా, అదే వేగంతో, తక్కువ వేడిని మోస్తుంది. అంటే అవసరం ఎక్కువైనచోటే దాని శక్తి తగ్గుతుంది.

నేను ఉత్సాహంగా పనిముట్ల సంచి తెరిచాను. ఫ్యూజు బాగున్నది. మోటారు తీగల జోడును ఊడదీసి, ఆ రెండు కొసల మధ్య మల్టీమీటరు పెడితే పూర్తిగా 12 వోల్టులు చూపింది. నమ్మకం కోసం 5 వాట్ల చిన్న బల్బు తగిలించాను. అదీ చక్కగా వెలిగింది. కరెంటు వస్తున్నది, మోటారు తిరగడం లేదు. కాబట్టి మోటారు కాలిపోయిందని తీర్పు చెప్పాను. మా బావమరిది మారు మాట్లాడలేదు. ముప్పై ఏళ్ల అనుభవం చెప్పిన మాట కదా! లేహ్‌లో కొత్త మోటారు వేయించుకొందాము, అంతవరకు ఉన్ని దుస్తులే హీటరు అనుకొని పడుకొన్నాము.

ఎండ ముదిరితే మంచు కరిగి, రోడ్డుకు అడ్డుగా పారే వాగులు పొంగుతాయి. అందుచేత తెల్లవారకముందే బయలుదేరాము. దార్చా దాటాక చదరమైన నేల కనబడదు. బారాలాచా కనుమ ఎత్తు సుమారు 4,890 మీటర్లు. దానికి ఇంకా చాలా దిగువన ఉండగానే వానతో కలిసిన మంచు మొదలైంది. బయట అద్దాన్ని వైపర్లు తుడుస్తున్నాయి. లోపలి వైపు మాత్రం మా ముగ్గురి ఊపిరీ చేరి, తెల్లగా మసక కమ్మింది. మా ఆవిడ శాలువా కొంగుతో తుడుస్తున్నకొద్దీ మళ్లీ కమ్ముకొన్నది. కిటికీ దించితే చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. ఒక మలుపు వద్ద ఎడమ చక్రం రోడ్డు అంచున పేర్చిన రాళ్లను రాసుకొన్నది. ఆ శబ్దానికి మా బావమరిది ఒక్కసారిగా బ్రేకు వేశాడు. తలుపు తీసి చూస్తే, అంచుకూ చక్రానికీ మధ్య జానెడు నేల మాత్రమే ఉన్నది. కింద భాగా నది హోరు వినబడుతున్నది, నీరు కనబడడం లేదు.

కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. తర్వాత అతడే, "బావగారూ, వెనుక కుంపటి ఉంది కదా, ముట్టిద్దామా? లోపల వెచ్చబడితే అద్దం కూడా తేటపడుతుంది" అన్నాడు. వణుకుతున్న మా ఆవిడ కూడా ఆశగా నా వైపు చూసింది. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా వద్దన్నాను. మూసిన బండిలో బొగ్గులు కాలిస్తే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు కన్నా దానిని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. అసలే ప్రాణవాయువు తక్కువైన ఆ ఎత్తులో, వెచ్చగా నిద్రపోయి మళ్లీ లేవకపోవడానికి అంతకన్నా దగ్గర దారి లేదు. చలికాలంలో ఉత్తరాదిన పనిచేసే మన సహోద్యోగులు, వారి కుటుంబీకులు ఈ మాట తప్పక గుర్తుంచుకోవాలి.

"ఏమండీ, లేహ్ ఎక్కడికీ పోదు. వెనక్కి వెళ్దాం" అన్నది మా ఆవిడ. చేతిలో టార్చిలైటుతో నేను బండి ముందు నడిచాను. వెడల్పైన చోటు దొరికేవరకు, నా వెలుగు చూసుకొంటూ అతడు అంగుళం అంగుళంగా నడిపాడు. బండిని మళ్లించి, వెలుతురు వచ్చాక, అద్దం తుడుచుకొంటూ దార్చాకు దిగాము.

దార్చాలో ఒక ధాబా ముందు లారీలు ఆగి ఉన్నాయి. వేడి చాయ తాగుతుండగా, నెరిసిన గడ్డం గల ఒక సర్దార్జీ మా ముఖాలు చూసి సంగతి అడిగాడు. ఎన్నో ఏళ్లుగా ఆ దారిలో లారీ నడుపుతున్నవాడట. నా పరీక్ష వివరాలన్నీ ఓపికగా విని, "ఏ బల్బు పెట్టి చూశారు?" అన్నాడు. చూపించాను. తల అడ్డంగా ఊపి, మా బండి హెడ్‌లైటు బల్బునే ఊడదీయించి, దానిని అవే రెండు కొసలకు తగిలించమన్నాడు. 60 వాట్ల ఆ బల్బు ఆరిపోబోయే నిప్పురవ్వలా ఎర్రగా మిణుకుమన్నది.

"బాబూజీ, ఛోటీ బత్తీ ఝూఠ్ బోల్తీ హై" అన్నాడు. చిన్న దీపం అబద్ధం చెబుతుందట! తర్వాత బ్యాటరీ నెగటివ్ కొస నుంచి ఒక తీగను నేరుగా మోటారుకు తగిలించాడు. నేను చచ్చిపోయిందన్న పంకా కీచుమంటూ తిరగసాగింది.

ఆ క్షణాన నాకు కలిగిన సిగ్గు ఇంజనీరు మిత్రులకు వివరించనక్కరలేదు. లెక్క ఎంతో తేలిక. వాహనాలలో కరెంటు బండి శరీరం గుండానే బ్యాటరీకి తిరిగి వెళుతుంది. ఆ ఎర్త్ బోల్టు వద్ద 2 ఓములు అడ్డు ఉన్నదనుకొందాము. 5 వాట్ల బల్బు నిరోధం సుమారు 29 ఓములు కనుక, దానికి 12లో 11 వోల్టులకు పైగానే అందుతాయి. బల్బు చక్కగా వెలుగుతుంది. మల్టీమీటరు లాగే కరెంటు మరీ స్వల్పం కనుక అది పూర్తి 12 చూపుతుంది. కాని ఆగి ఉన్న మోటారు నిరోధం ఒక ఓము అనుకొంటే దానికి మిగిలేవి 4 వోల్టులే. అది కదలదు. భారం లేకుండా కొలిచి, నేను బంధం బాగున్నదని నమ్మాను.

ముందు బల్ల కింద పరచిన చెక్కను లేపి ఎర్త్ బోల్టు వెదికాము. కిందటి ఏడాది కొత్త నేల వేయించినప్పుడు, తుప్పు పట్టకూడదని మా బావమరిది అడుగు రేకుకంతటికీ దిట్టంగా రంగు వేయించాడు. ఎర్త్ తీగ కొసను ఆ రంగు మీదనే బిగించారు. ఇంతకాలం బోల్టు మరల గుండా ఎలాగో సాగిన కరెంటు, కుదుపులకు బోల్టు వదులై, తడికి మరలు తుప్పు పట్టాక అందడం మానివేసింది. తుప్పును ఆపడానికి వేసిన రంగే మా పంకాను ఆపింది! రేకు మెరిసేవరకు గరుకు కాగితంతో రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, పైన వ్యాజిలిన్ పూశాము. పంకా రెక్కల నుంచి గుప్పెడు ఎండుటాకులు తీసి, బుష్‌లో ఒక చుక్క నూనె వేస్తే కీచుధ్వని కూడా పోయింది. అన్నింటికీ కలిపి గంట పట్టలేదు. సర్దార్జీకి డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. మా ఆవిడ పెట్టిన ఆవకాయ అన్నం మాత్రం రెండుసార్లు వడ్డించుకొన్నాడు.

మరునాడు వేకువన మళ్లీ అదే దారిన ఎక్కాము. అదే చలి. కాని అద్దం అడుగు నుంచి వెచ్చని గాలి లేచి, మసకను నెమ్మదిగా తుడిచివేసింది. రాళ్లను రాసుకొన్న మలుపు వద్ద మా బావమరిది బండి నెమ్మది చేశాడు. ఎవరమూ ఏమీ అనలేదు. భాగా నది పుట్టే సూరజ్ తాల్ సరస్సు నీలమణిలా కనబడింది. ఆపై బారాలాచా, తర్వాత సర్చూ, గాటా మలుపులు, 5,328 మీటర్ల తగ్లాంగ్ లా. ఉప్షీ వద్ద సింధు నదిని చూసినప్పుడు మా ఆవిడ చేతులు జోడించింది. లేహ్‌లో రాజప్రాసాదం, శాంతిస్తూపం, దారిలో ఠిక్సే మఠం చూశాము. కొత్త మోటారు మాత్రం కొననవసరం లేకపోయింది.

ఇక్కడితో ముగించవచ్చు. కాని ఒక బాకీ మిగిలిపోయింది. చాలా ఏళ్ల క్రితం మన కర్మాగారంలో ఒక పంపు మోటారు మొరాయించినప్పుడు, మా విభాగంలోని ఒక పాత టెక్నీషియన్, "సార్, ఒకసారి జాయింట్లు చూద్దాం" అన్నాడు. మీటరు పూర్తి వోల్టేజి చూపుతున్నదని నేను అతని మాట కొట్టివేసి, మోటారు విప్పించాను. రెండు షిఫ్టులు వృథా అయ్యాక లోపం జాయింటులోనే బయటపడింది. ఆనాడు నేను ఆ విషయం అతనితో మాట్లాడలేదు.

యాత్ర నుంచి తిరిగి వచ్చిన ఆదివారం, పదవీ విరమణ చేసి దగ్గరి ఊళ్లోనే ఉంటున్న ఆయన ఇంటికి వెళ్లాను. దార్చా కథ అంతా చెప్పి, "ఆ రోజు మీరు చెప్పినదే నిజం" అన్నాను. ఆయన కొంచెంసేపు ఊరుకొని, "మీకు గుర్తుందా సార్!" అని మాత్రం అన్నాడు. తర్వాత లోపలికి తిరిగి, భార్యను కేకేసి టీ పెట్టమన్నాడు.

ఇప్పుడు మా విభాగంలో చేరే అప్రెంటిసులకు మొదటిరోజే రెండు బల్బులు ఇచ్చి ఈ పరీక్ష చేయిస్తున్నాను. ఏ బంధమైనా భారం పడినప్పుడే దాని గట్టితనం తెలుస్తుంది. తీగల విషయంలో ఆ మాట బడిలోనే చదువుకొన్నాను. మనుషుల విషయంలో నేర్చుకోవడానికి మాత్రం బారాలాచా దాకా వెళ్లవలసి వచ్చింది.